మా అక్క ముక్కు గురించి మాట్లాడని పల్లె

మా వంశంలో గొప్పగా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పొలం లేదు, మిద్దె లేదు, పేరు చెబితే లేచి నిలబడేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఉన్న ఒక్క గొప్పనూ నేను సిగ్గుపడకుండా చెప్పుకుంటాను. వినేవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. బతుకంతా ఒకరి చేలో కలుపు తీసింది. అటువంటి మనిషి తన పెద్దకూతురిని పట్టుకున్న ఒక జబ్బుతో, దాని పేరైనా తెలియకుండా, పల్లెనంతా వెంటబెట్టుకుని కొట్లాడింది. ఆ జబ్బును మోస్తూనే మా అక్క లేచి నిలబడింది. ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగితే నేను పూటకో మాట చెబుతాను.

మా పల్లె కమలాపురానికి దగ్గర, పాపాఘ్ని ఒడ్డున ఉంది. ఏరు అన్న మాటేగానీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఆ ఇసుకలో గుంతలు తవ్వితే నీళ్లు ఊరేవి. వాటిని చెలమలు అంటాం. ఊరినకొద్దీ చెంబుతో తోడి బిందెలు నింపుకునేవాళ్లం. మా వాడ వాళ్లం తాతల కాలంలోనే క్రైస్తవులమయ్యాం. నాయన బండల గనిలో పనిచేసేవాడు. ఆదివారం మాత్రం తెల్లపంచె కట్టి, సంఘపెద్దగా చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. అక్క నాకంటే బాగా పెద్దది. కడపలో హాస్టల్లో ఉండి చదివి టీచరు ట్రైనింగు పాసయింది. మా పల్లెలో అంతవరకు చదివిన ఆడపిల్ల లేదు. మాటవరసకు ఆడపిల్ల అంటున్నానుగానీ మగపిల్లవాడూ లేడు.

రాయచోటిలో ఆడపిల్లల బడిలో ఒక టీచరమ్మ క్రిస్మస్‌కు పని మానుకుంటుందనీ, సెలవులు అయ్యాక ఆ చోటు అక్కదేననీ పాస్టరుగారికి కబురు వచ్చింది. బడి తెరిచే రోజుకు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని కూడా చెప్పి పంపారు. రాకపోవడం ఏమిటి అని మేమంతా నవ్వుకున్నాం. అమ్మ వాడంతా బెల్లం పంచింది.

ఇంతలో ఆ ఫోటో వచ్చింది. ట్రైనింగు ముగిసిన రోజు పాసైన అమ్మాయిలందరినీ ఎండలో నిలబెట్టి తీసిన ఫోటో. అంతకుముందు మా వాడలో ఎవరి ముఖమూ కాగితం మీదికి ఎక్కలేదు. నాయన దానికి అద్దం కట్టించి వాకిలికి ఎదురుగా గోడకు తగిలించాడు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ ఒక పరీక్ష పెట్టేవాడు. “మా పాప యాడుండాదో కనుక్కో చూస్తాం” అనేవాడు. వాళ్లు దగ్గరికి పోయి, వేలితో ఒక్కో ముఖమూ తడిమి, “ఇదిగో ఈడుండాది” అనేవాళ్లు. నాయన ఛాతీ ఉబ్బిపోయేది. ఎండ పక్కనుంచి పడటంవల్ల ఆ ఫోటోలో అక్క ముక్కు నీడ ఒక చెంప మీదికి ఒరిగింది. అక్క ఆ నీడను చూసింది. తన ముక్కు వంకర అనుకుంది. ఇన్నాళ్లూ అందరికీ తెలిసిన సంగతి తనకొక్కదానికే తెలియలేదని అనుకుంది.

మొదట్లో మేమెవరమూ పట్టించుకోలేదు. పట్నంలో చదువుకున్న పిల్ల, కొంచెం షోకు ఎక్కువ అనుకున్నాం. కానీ షోకున్న మనిషి ముఖం చూసుకుని మురిసిపోతుంది. అక్క చూసుకుని ఏడ్చేది. నాయన గడ్డం గీసుకునే చిన్న అద్దం పట్టుకుని కిటికీ దగ్గర పొద్దుపోయేదాకా నిలబడేది. అద్దం దాచేస్తే ఇత్తడి చెంబులో చూసుకునేది. చెంబు బొజ్జ మీద ఎవరి ముక్కయినా గుమ్మడికాయలా కనిపిస్తుంది, ఇక ఆమెకు ఎలా కనిపించిందో దేవుడికే తెలియాలి. అందరికంటే ముందు చెలమకు పోయి, నీళ్లు తేటపడేదాకా కూర్చుని, వంగి చూసుకునేది. బిందె ఖాళీగా తిరిగొచ్చేది. ముక్కు సరవుతుందని గుడ్డపీలిక బిగించి కట్టుకుని పడుకునేది. చర్చిలో ఒక చెంప ఎప్పుడూ గోడవైపు ఉండేలా మూలకు జరిగింది. కొన్నాళ్లకు చర్చికి రావడమే మానేసింది.

అన్నిటికంటే ప్రాణం తీసింది ఆమె ప్రశ్న. “వంకరుండాదా లేదా? నిజం చెప్పు” అని నన్నూ, అమ్మనూ, నీళ్లకు వచ్చినవాళ్లనూ, ఉప్పు అడగడానికి వచ్చినవాళ్లనూ అడిగేది. “లేదక్కా, బాగుండాది” అంటే ముఖం తేటపడేది. సంగటి తిన్నంతసేపు బాగుండేది. చెయ్యి కడుక్కోగానే మళ్లీ మొదలు. “నేనంటే ప్రేమ గాబట్టి అట్ల అంటాండావు. నిజం చెప్పు” అనేది. ఒకరోజు నాయన గని నుంచి వచ్చేసరికి ఫోటో కట్టు విప్పి ఉంది. అక్క ముఖం ఉన్నచోట సూదితో తెల్లగా గీకేసి ఉంది. నాయన దాన్ని పెట్టెలో పెట్టి, వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. నాయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

నాయనకు తెలిసిన వైద్యం ప్రార్థన ఒక్కటే. మా చర్చిలో ప్రసంగం అయ్యాక ఒక్కొక్కరే లేచి తమ మనవి చెప్పుకుంటారు. ఒకరు జ్వరం గురించి, ఒకరు ఈనని ఆవు గురించి, అందరూ వాన గురించి. పాస్టరుగారు వాటన్నిటినీ విడివిడిగా దేవుడికి అప్పగిస్తారు. ఆ ఆదివారం నాయన లేచి, గొంతు సవరించుకుని, “మా పెద్దపాప ముక్కు గురించి అందురూ ప్రార్థన చేయల్ల” అన్నాడు.

పాస్టరుగారు, “ముక్కుకు ఏమైందప్పా?” అని అడిగారు.

“వంకర అని శానా బాధపడతాండాది అయ్యగారూ. ఆ బాధ దేవుడే తీర్చల్ల.”

పాస్టరుగారు మంచి మనిషి. కళ్లు మూసుకుని మా అక్క ముక్కును ఎంతో భక్తిగా ప్రభువు చేతుల్లో పెట్టారు. మిగతావాళ్లు ఎంతమంది కళ్లు మూసుకున్నారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ మూసుకోలేదు. అందరూ మా ఇంటి దిక్కే చూస్తున్నారు, గోడలోంచి ముక్కు కనబడుతుందేమో అన్నట్టు.

ఇక ఆ సాయంత్రం చూడాలి మా ఇంటి ముందు జనం! మా నాయన చర్చిలో నిలబడి ఉత్తమాట చెప్పడని వాళ్ల నమ్మకం. ప్రార్థన దాకా వచ్చిందంటే ముక్కులో ఏదో ఉండే ఉంటుంది. అందుకని ప్రేమగా వచ్చి, “యాదీ, ఇట్ల తిరుగు మ్మా. వెలుతురులోకి రా” అని తిప్పి తిప్పి చూశారు. ఇంతకుముందు “బాగుండాది” అన్న నోళ్లే ఇప్పుడు మాట్లాడకుండా తలలు ఊపాయి. ఒక పెద్దాయన, సంఘపెద్ద మాటను కాదనడం మర్యాద కాదనుకున్నాడేమో, చాలాసేపు చూసి, “రవంత ఉండాదిలే మ్మా. ఏం పర్వాలేదు” అన్నాడు. పాపం, ఓదార్చాననుకునే వెళ్లాడు. అక్క లోపలికి పోయి కొంగు ముఖానికి చుట్టుకుంది. ఆ తరువాత పగటిపూట గడప దాటలేదు. దేవుడు మా మాట వినలేదని నేననను. మా పల్లె మాత్రం కొంచెం ఎక్కువ విన్నది.

అమ్మ పనిచేసే చేను ఒక రెడ్ల ఇంటిది. ఆ ఇంటి రెడ్డెమ్మ మనసు మంచిది, నోరు పెద్దది. సంగతి తెలిసి దిష్టి తీయించమంది, పసుపు ఇచ్చింది, చివరికి తన బండి కట్టించి మిషను ఆసుపత్రికి పొమ్మంది. అక్క పట్టపగలు బండిలో దుప్పటి కప్పుకుని వచ్చింది.

అక్కడి దొరసాని డాక్టరమ్మ నవ్వుతుందేమోనని మాకు భయం. ఆమె నవ్వలేదు. అక్క చేత చెప్పించుకుంది. ఏమి కనిపిస్తోంది, ఎప్పుడు ఎక్కువ బాధ, ఎవరు చూస్తే భయం, అన్నీ అడిగింది. తరువాత అమ్మను పక్కకు పిలిచి తన ముద్దముద్ద తెలుగులో చెప్పింది. ముక్కు బాగుంది, కానీ పిల్ల అబద్ధం చెప్పడం లేదు, ఆమెకు అలాగే కనిపిస్తుంది, ఆ బాధ నిజం, తిట్టవద్దు, వాదించవద్దు, దీనికి తన దగ్గర మందు లేదు అని. సీసా మందు ఇవ్వలేదని నాయన దారిపొడుగునా గొణిగాడు. అమ్మ మాత్రం మాట్లాడలేదు. బండి చక్రం వైపు చూస్తూ కూర్చుంది. మా అమ్మ మాట్లాడకుండా కూర్చుందంటే ఏదో తెమిలేదాకా లేవదని మాకు తెలుసు.

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు అక్కనే కనిపెట్టి చూసింది. ఒకరోజు నాతో, “గమనించినావా? మనం బాగుండాది అన్నప్పుడంతా దానికి సుఖంగా ఉండాది. ఆ సుఖం అయిపోతానే ముందుకంటే ఎక్కువ అడుగుతాండాది. తామర గోకినట్ల. గోకేది మనమే” అంది. అప్పటిదాకా మేము అక్కకు మేలు చేస్తున్నామనే అనుకున్నాం.

ఆ పొద్దే అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మా వాడ ఒక్కటే కాదు, రెడ్ల వీధి, సాయిబుల ఇళ్లు, ఏదీ వదల్లేదు. “నా బిడ్డ ముక్కు గురించి ఈ పొద్దునుంచి ఎవురూ మాట్లాడొద్దండి. వంకర అనొద్దు, బాగుండాదనీ అనొద్దు. అది అడిగితే పనుండాదని పొండి. ఇంకేమన్నా మాట్లాడండి, వాన గురించి మాట్లాడండి” అని చేతులు పట్టుకుని చెప్పింది. మా పల్లె ఎలాంటిదో మీకు తెలియదు. ఒక ఇంట్లో తిరగమాత పెడితే కూర ఏమిటో ఇంకో ఇంట్లో చెప్పేవాళ్లు. అలాంటి పల్లె ఒక కూలిమనిషి బతిమాలిందని నోరు కట్టుకుంది. ఇది నేను ఇప్పటికీ ఎవరి దగ్గరైనా తల ఎత్తి చెబుతాను.

అక్క దగ్గర కూడా అమ్మ ఏమీ దాచలేదు. “నేను ఇంక చెప్పను. నా మీద కోపం చేసుకో. క్రిస్మస్ పోతానే నువ్వు రాయచోటికి పోవల్ల. పోవాలని ఉండాదా లేదా, అది చెప్పు” అంది. అక్క, “ఉండాది” అంది. “అట్లయితే రేపటినుంచి నాతో చేనికి రా.”

కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లంతా ఒక వరసలో కూర్చుని, ఒక్కొక్కరు తమ ముందున్న సాళ్లు పట్టుకుని ముందుకు పోతారు. దాన్ని మునుం పట్టడం అంటాం. వరస విరగకూడదు. ఒకరు ఆగితే ఆమె మునుం పక్కవాళ్లు లాక్కుపోవాలి. అందరి తలలూ నేలకే వంగి ఉంటాయి. చేతులనిండా తడిమట్టి. ముఖం ముట్టుకోవాలన్నా కుదరదు, ఒకరి ముఖం ఒకరు చూసేందుకూ కుదరదు. పల్లెలో అక్క కూర్చోగలిగిన చోటు అదొక్కటేనని అమ్మ ఎలా పట్టుకుందో! టీచరు ట్రైనింగు పాసైన పిల్లను కలుపుకు పెడతావా అని నాయన చిన్నబుచ్చుకున్నాడు. అమ్మ వినలేదు.

మొదట అక్క చివరి మునుంలో, ముఖానికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. నేను అమ్మకూ అక్కకూ మధ్య. జొన్నచేను, కొర్రచేను, ఎక్కడికి పోతే అక్కడికి తోడు పోయాం. గుడ్డ చెమటకు తడిసి ఊపిరాడనిచ్చేది కాదు. ఒకరోజు అది జారితే అక్క మళ్లీ కట్టుకోలేదు. అందరూ చూడనట్టే కలుపు తీశారు. నాకు మాత్రం సంతోషంతో అరవాలనిపించింది. కొన్నాళ్లకు అమ్మ ఆమెను వరస మధ్యకు జరిపింది. నీళ్లకు కూడా ఒంటరిగా పోనివ్వలేదు. అందరూ తోడుతున్నప్పుడు పోతే చెలమ తేటపడదు, ముఖం కనపడదు.

ఇది తేలిగ్గా జరిగిందనుకోకండి. ఒక మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు అక్క అమ్మ కాళ్లు పట్టుకుంది. “ఒక్కసారి చెప్పమ్మా. ఇంక అడగను. వంకరుండాదా? ఒక్క మాట చెప్పు, సచ్చి నీ కడుపున పుడతా” అని పొర్లి పొర్లి ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. “బాగుండాది బిడ్డా” అనడం ఎంతపని? అమ్మ, “చెప్పను. చెప్తే ఒక్కపూటకే. మళ్ల ఆకలయితాది నీకు” అని, లేచిపోయి తన మునుం పట్టింది. పోతూ ఉంటే అమ్మ కన్నీళ్లు మట్టిలో పడటం నేను చూశాను. కన్నతల్లి అంత కఠినంగా ఎలా ఉండగలిగిందని ఆ రోజు అమ్మ మీద నాకు అసహ్యం కలిగింది. అక్క కాసేపటికి లేచి, ముక్కు చీది, మిగిలిన సాళ్లు తీసింది. ఆ సాయంత్రం ఆమె మళ్లీ అడగలేదు.

సరిగ్గా అంతా కుదుటపడుతుందనగా రెడ్డెమ్మ నోరు జారింది. చేను చూడడానికి వచ్చి, అక్క ముఖం మీద గుడ్డ లేకపోవడం చూసి, సంతోషం పట్టలేక, “బంగారట్లుండాది కదే నీ ముక్కు! ఎవురే వంకరన్నేది?” అంది. అక్క కలుపుపార అక్కడే పడేసి ఇంటికి పోయి తలుపు వేసుకుంది. క్రిస్మస్ నెల వచ్చేసింది. ఇక బడి పోయినట్టేనని నాయన తల పట్టుకున్నాడు.

అమ్మ నేరుగా రెడ్డెమ్మ ఇంటికి పోయింది. ఆ రోజుల్లో మా వాళ్లు ఆ వాకిట్లో నిలబడి పని చెప్పించుకోవడమే తప్ప, మాట చెప్పి రావడం లేదు. అమ్మ నిలబడి చెప్పింది. “మీరు మెచ్చుకున్నారు రెడ్డెమ్మా, కాదనను. కానీ నా బిడ్డ ఆ మెప్పుతోనే పడిపోయింది. ఇంకొకసారి అంటే నేను మీ చేనికి రాను.” నేను అమ్మ వెనక నిలబడి, ఇక మాకు ఈ ఊళ్లో పని పుట్టదనుకున్నాను. రెడ్డెమ్మ మాత్రం, “తప్పయిందిలే. నా నోరే అంత. రేపు పాపను తీసకరా, నేను బండలాగా ఉంటా” అంది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. మూడోనాడు అక్క తనంతట తానే పార తీసుకుని మా ముందు నడిచింది.

క్రిస్మస్ ముందు పాస్టరుగారు ఇంటికి వచ్చి, పండగనాడు వాక్యం ఎవరు చదువుతారని అడిగారు. పల్లెలో తడబడకుండా చదవగలిగింది అక్క ఒక్కతే. గోడకు ఆనుకుని కూర్చున్న అక్క లేచి, “నేను చదువుతా” అంది. ఆ రాత్రి నాయనకు నిద్ర లేదు.

పండగ పొద్దున చర్చి కిటకిటలాడింది. పక్క పల్లెలవాళ్లు కూడా వచ్చారు. అక్క కొత్తచీర కట్టి, కొంగు భుజం మీదే ఉంచుకుని, ముందుకు పోయి నిలబడింది. తల ఎత్తి చూసింది. ఏం చూసిందో తెలుసా? ఒక్కరి ముఖమూ కనబడలేదు. ముక్కు చూడకూడదని మా పల్లెవాళ్లంతా తలలు నేలకు దించేశారు. ముసలివాళ్లు, పిల్లలు, చివరికి పాస్టరుగారు కూడా. వాళ్లను చూసి ఏమీ తెలియని పక్క పల్లెల వాళ్లూ దించారు. చర్చి అంతా వంచిన తలలే. మా అమ్మ ఒక్కతే తల ఎత్తి కూర్చుంది.

అక్క నోరు తెరిచి, మూసుకుంది. ఉన్నట్టుండి ఆమె ముఖం ఎర్రబడింది. అది సిగ్గు కాదు, కోపం. “అందురూ తలకాయలు ఎత్తండి!” అంది గట్టిగా. “నేను ఈడ చదువుతాంటే మీరు బండల దిక్కు చూస్తాండారేంది? ఈ దిక్కు చూడండి!”

చర్చి అంతా ఒక్కసారిగా తలలెత్తింది. వందల కళ్లు మా అక్క ముఖం మీద. అక్క అందరినీ ఒక చూపు చూసి, చదవడం మొదలుపెట్టింది. గొంతు ఎక్కడా తడబడలేదు. నాయన పంచె కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను మాత్రం పక్క పల్లె పిల్లలతో, “మా అక్క, టీచరు” అని వినబడేలా చెప్పాను.

సెలవులు అయ్యాక అక్క రాయచోటికి పోయింది. బడి తెరిచిన రోజుకే పోయింది. నడుమ చెడ్డ రోజులు రాలేదని చెప్పను. వచ్చినప్పుడల్లా కబురు చేసేది, అమ్మ పోయి నాలుగు రోజులు ఉండేది. ఆమె అడిగేది కాదు, అమ్మ చెప్పేది కాదు. ఇద్దరూ పిల్లల పలకలు కడుగుతూ కూర్చునేవాళ్లట. దీనికి డాక్టర్లు ఇప్పుడు పేరు పెట్టారనీ, వైద్యం కూడా ఉందనీ, అందులో కొంత మా అమ్మ చేసినట్టే ఉంటుందనీ ఈ మధ్య ఎవరో చెబితే, నేను ఆ రోజు రెండు పూటలా పాయసం వండాను.

స్వరాజ్యం వచ్చిన పొద్దున నేను రాయచోటిలో ఉన్నాను. అప్పటికి అక్క ఆ బడికి హెడ్మిస్ట్రెస్. జెండా ఎగరేసి, ఊరి పెద్దలందరి ముందు నాలుగు మాటలు మాట్లాడవలసింది ఆమే. అమ్మ ఉండి ఉంటే బాగుండేదని ఇద్దరం ఒకసారి ఏడ్చుకున్నాం. అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే, ఇన్నేళ్లూ పల్లెలో ఎవరూ అడగని మాట నేను అడిగేశాను. “అక్కా, ఇప్పుడెట్ల కనిపిస్తాండాది నీకు? సరిగ్గా అయిందా?”

అక్క పిన్ను నోట్లోంచి తీసి, భుజం మీద పెట్టుకుంది.

“యాడ అయింది పాపా? ఈ పొద్దు గూడా వంకరే. దాన్నీ తీసకపోతాండా, పద. బయట పిల్లోళ్లు ఎండలో నిలబడుండారు.”